సెల్ఫ్ తిరిగినా అందుకోని డీజిల్ ఇంజను: కారణం తెలుసుకునే క్రమం

కృష్ణా పశ్చిమ డెల్టాలో ఆయిలింజనుతో పని పడేది తీరిక వేళల్లో కాదు. తెనాలి పరిసరాల్లో కాలువకు నీరు ఆగిపోయాక వరి తరువాత వేసిన మొక్కజొన్నకు తడి ఇవ్వవలసి వచ్చినప్పుడు, రేపల్లె శివారు భూముల్లో మురుగు కాలువ నుండి నీరు ఎత్తిపోయవలసి వచ్చినప్పుడు, బాపట్ల ఇసుక నేలల్లో దొరువు నుండి వేరుశనగకు నీరు తోడవలసి వచ్చినప్పుడు దాని అవసరం కలుగుతుంది. అన్నిటికంటే ఎక్కువ అవసరం తుఫాను మరునాడు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్లకు సమీపాన తీరం దాటే నాటికి ఈ ప్రాంతంలో వరి కొంత కోతకు సిద్ధంగా, కొంత పనలపై ఉంది. బాపట్లలోనే రూపుదిద్దుకొని 1986లో విడుదలైన బీపీటీ 5204 వంటి సన్న రకాలు గాలివానకు పడిపోయి, వెన్నులు నీటిలో నానితే రెండు మూడు రోజుల్లోనే గింజ మొలకెత్తడం మొదలవుతుంది. 5 శాతం ఉప్పు ద్రావణం పిచికారీ చేస్తే మొలక కొంతవరకు ఆగుతుంది గాని, ముందు చేలోని నీరు బయటకు పోవాలి. సరిగ్గా అప్పుడే ఇంజను మొరాయిస్తే జరిగే నష్టాన్ని రోజుల్లో కాక గంటల్లో లెక్కించవలసి వస్తుంది.

మెకానిక్కు వద్దకు వచ్చే రైతు ఈ లోపాన్ని సాధారణంగా ఒకే మాటలో చెబుతాడు: "సెల్ఫ్ తీసుకుంటోంది, స్టార్ట్ కావడం లేదు." ఈ మాటలోనే సగం సమాచారం ఉంది. అసలు తిరగని ఇంజను సమస్య వేరు. తిరుగుతూ కూడా అందుకోని ఇంజను సమస్య వేరు. మొదటిది బ్యాటరీ, కేబుళ్లు, సెల్ఫ్ మోటారు, స్విచ్చుల పరిధిలోనిది. రెండవది డీజిల్, గాలి, కంప్రెషన్‌లకు సంబంధించినది. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల అందుకోని ఇంజనుకు కొత్త బ్యాటరీ కొనడం, ఆపై ఇంజెక్షన్ పంపును విప్పి బాగుచేయడానికి పట్టణానికి పంపడం జరుగుతున్నాయి. పంపు తిరిగి వచ్చేసరికి మూడు నాలుగు రోజులు గడుస్తాయి. బిగించాక కూడా ఇంజను అందుకోకపోతే, లోపం ట్యాంకు కింద ఉన్న అర రూపాయి బిళ్లంత ఫిల్టరు జాలీలో ఉందని అప్పుడు తెలుస్తుంది. విడిభాగాలను ఒకదాని తరువాత ఒకటి మార్చి చూడటం కారణ నిర్ధారణ కాదు. ఖర్చుతో కూడిన ఊహ మాత్రమే.

తిరిగే వేగం

పెట్రోలు ఇంజనులో మంట పుట్టించడానికి ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజనులో అటువంటిదేమీ లేదు. సిలిండరులోని గాలిని 16 నుండి 20 వంతుల వరకు కుదించినప్పుడు దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. ఆ వేడి గాలిలోకి సన్నని తుంపరగా చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. ఇది జరగాలంటే ఇంజను నిమిషానికి సుమారు 150 నుండి 250 చుట్లు తిరగాలి. అంతకంటే మెల్లగా తిరిగితే కుదించిన గాలిలోని వేడిని సిలిండరు గోడలు పీల్చుకుంటాయి, రింగుల సందుల నుండి గాలి జారిపోతుంది. కాబట్టి "తిరుగుతోంది" అన్నంత మాత్రాన బ్యాటరీని పూర్తిగా వదిలేయకూడదు. చాలినంత వేగంగా తిరుగుతోందా అన్నది చూడాలి.

పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ ఊరక ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఇది 9.6 వోల్టులకంటే దిగువకు పడిపోతే బ్యాటరీ బలహీనంగా ఉన్నట్లో, టెర్మినళ్లు చిలుము పట్టినట్లో భావించాలి. మీటరు లేని చోట హెడ్‌లైటు వెలిగించి సెల్ఫ్ కొట్టి చూడవచ్చు. కాంతి కొద్దిగా తగ్గితే ఫరవాలేదు. దాదాపు ఆరిపోతే ముందు టెర్మినళ్లను శుభ్రం చేయాలి. నిజాంపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇంజను బాడీకి బిగించే ఎర్తు కేబులు చివర తరచు తుప్పు పడుతుంది. చేతి హ్యాండిల్‌తో తిప్పే ఒంటి సిలిండరు ఇంజనులో వేగం మనిషి బలం మీద, డీకంప్రెషన్ లీవరును సరైన సమయంలో వదలడం మీద ఆధారపడుతుంది. లీవరు పూర్తిగా కిందకు రాకుండా మధ్యలో చిక్కుకుంటే వాల్వు మూసుకోదు. ఎంత తిప్పినా ఇంజను అందుకోదు.

సెల్ఫ్‌ను ఒక విడతకు 10 సెకన్లకు మించి తిప్పకూడదు. విడతకు విడతకు నడుమ కనీసం ఒక నిమిషం ఆగాలి. ఆందోళనతో ఆపకుండా తిప్పే రైతు మొదట ఇంజను లోపంతో బయలుదేరి, చివరకు కాలిన సెల్ఫ్ మోటారుతోను, దిగిపోయిన బ్యాటరీతోను మిగులుతాడు.

సైలెన్సరు చెప్పే సాక్ష్యం

వేగం బాగుందని తేలాక ఒక్క పానా కూడా చేతపట్టక ముందే చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. ఒకరు సెల్ఫ్ తిప్పుతుండగా మరొకరు సైలెన్సరు మూతివైపు చూడాలి. పొగ వస్తోందా లేదా? వస్తే ఏ రంగు? పది సెకన్ల ఈ పరిశీలన మొత్తం వెదుకులాటను రెండు పాయలుగా చీలుస్తుంది. పొగ ఏమాత్రం లేకపోతే సిలిండరులోకి డీజిల్ చేరడం లేదు. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గాని మండటం లేదు. మొదటి సందర్భంలో ఇంజను తలను విప్పడం, రెండవ సందర్భంలో ఫిల్టర్లు మార్చడం, రెండూ వృథా శ్రమే.

డెల్టాలో పుష్యమాసపు ఉదయాల్లో మంచు కమ్ముకున్నప్పుడు తెల్ల పొగకూ నీటి ఆవిరికీ తేడా కంటికి తెలియకపోవచ్చు. సైలెన్సరు మూతికి కొద్ది దూరంలో తెల్ల గుడ్డను పట్టి చూస్తే సంగతి తేలుతుంది. గుడ్డ తడిసి డీజిల్ వాసన వేస్తే అది మండని ఇంధనం. తడిసినా వాసన లేకపోతే నీరు. రేడియేటరులో నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి.

పొగ లేనప్పుడు

ఈ ప్రాంతపు పరిస్థితుల్లో ఎక్కువ శ్రద్ధతో వెదకవలసిన పాయ ఇదే. వెదుకులాట ట్యాంకు వద్ద మొదలై ఇంజెక్టరు వద్ద ముగియాలి. డీజిల్ నడిచే దారిలోనే మనిషి కూడా నడవాలి. అయితే దారి పట్టక ముందు ఇంజనును ఆపే లీవరును ఒకసారి చూడటం మంచిది. ఆపడానికి లాగిన నాబును తిరిగి లోపలికి నెట్టినా, తుప్పు పట్టిన కేబులు మధ్యలో బిగుసుకుపోయి పంపు వద్ద లీవరు ఆపిన స్థితిలోనే ఉండిపోతుంది. డ్రైవరు సీటు నుండి చూస్తే నాబు సరిగానే కనిపిస్తుంది. కాబట్టి పంపు వద్దకే వెళ్లి లీవరును చేత్తో కదిపి చూడాలి. తాళంచెవితో ఆగే ట్రాక్టర్లలో కేబులుకు బదులు పంపు మీద విద్యుత్ సోలినాయిడ్ ఉంటుంది. తాళం తిప్పగానే అక్కడ "టక్" మన్న శబ్దం వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజును, దానికి వచ్చే తీగను చూడాలి.

ట్యాంకులో డీజిల్ ఉందా అన్న ప్రశ్న అవమానకరంగా తోచవచ్చు గాని అడగక తప్పదు. కాలువ గట్టు మీద ఏటవాలుగా నిలిపిన ట్రాక్టరులో పావు ట్యాంకు డీజిల్ ఉన్నా, అది ఒక మూలకు చేరి గొట్టం గాలిని లాగుతుంది. ట్యాంకు మూతకు ఉండే సన్నని గాలి రంధ్రం బురదతో పూడితే లోపల శూన్యం ఏర్పడి డీజిల్ కిందకు దిగదు. ఇంజను కొంతసేపు నడిచి ఆగిపోయి, అరగంట తరువాత మళ్లీ అందుకుంటూ ఉంటే ఈ రంధ్రాన్నే ముందు అనుమానించాలి. మూత వదులు చేసి నడిపి చూస్తే నిజం తేలుతుంది.

తరువాతి మెట్టు ఫిల్టరు. ట్యాంకు ఎత్తుగా ఉండి డీజిల్ తనంతట దిగే ఒంటి సిలిండరు ఇంజనులో పంపు వద్ద గొట్టాన్ని ఊడదీస్తే తెగకుండా ధార రావాలి. చుక్కలుగా వస్తే కాకు, గొట్టం, ఫిల్టరులలో ఎక్కడో అడ్డు ఉంది. వెనక్కి ఒక్కొక్క అతుకు వద్ద విప్పుతూ పోతే, ధార ఎక్కడ మెరుగుపడిందో దానికి ఈవలి భాగమే దోషి. ట్రాక్టరులో ఫీడ్ పంపు మీద ఉన్న చేతి ప్రైమరును కొట్టి ఇదే పరీక్ష చేయాలి.

ధార బాగున్నా పంపు దాటి డీజిల్ పోకపోతే గాలి పట్టిందన్న మాట. ఇంజెక్టరులోని సూది తెరుచుకోవడానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోగ్రాముల ఒత్తిడి కావాలి. గొట్టమంతా డీజిలే ఉంటే పంపు ప్లంజరు చిన్న కదలికతోనే ఈ ఒత్తిడి పుడుతుంది. నడుమ గాలి బుడగ ఉంటే ప్లంజరు చేసిన పనంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది, సూది కదలదు. డీజిల్ పూర్తిగా అయిపోయేదాకా నడిపినప్పుడు, ఫిల్టరు మార్చినప్పుడు, గొట్టం విప్పినప్పుడు గాలి చేరడం సహజం.

గాలి తీయడానికి ముందు ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, చేతి ప్రైమరును కొడుతూ ఉండాలి. మొదట నురగ, తరువాత బుడగలు, చివరకు తేట డీజిల్ వస్తుంది. బుడగలు ఆగాక ప్రైమరు కొడుతూనే స్క్రూ బిగించాలి. రెండు ఫిల్టర్లు ఉంటే ట్యాంకుకు దగ్గరి దానితో మొదలుపెట్టాలి. ఆపై పంపు మీది స్క్రూ వద్ద ఇదే పని చేయాలి. చివరగా ఇంజెక్టర్ల వద్ద గొట్టాల నట్లను ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ తిప్పితే, నట్టు పక్క నుండి డీజిల్ ఎగజిమ్ముతుంది. అప్పుడు ఒక్కొక్కటిగా బిగించాలి. ఈ క్రమాన్ని తలకిందులు చేసి ముందు ఇంజెక్టర్ల వద్ద మొదలుపెట్టినవారు గంటసేపు శ్రమపడినా ఫలితం ఉండదు. వెనుక మిగిలిన గాలి మళ్లీ ముందుకు వస్తుంది.

ఎగజిమ్మే డీజిల్‌కు చేయి అడ్డు పెట్టకూడదు. 200 కిలోగ్రాముల ఒత్తిడితో వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా లోపలి కండ కుళ్లిపోయే ప్రమాదం ఉన్నందున వెంటనే ఆసుపత్రికి వెళ్లి శస్త్రచికిత్స చేయించుకోవలసి రావచ్చు.

గాలి తీసిన రోజు చక్కగా నడిచి, మరునాడు ఉదయం మళ్లీ అందుకోని ఇంజనులు కొన్ని ఉంటాయి. ఇక్కడ గాలి తీయడం చికిత్స కాదు, ఉపశమనం మాత్రమే. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య రబ్బరు గొట్టం ఎండకు బీటలు తీసినా, అతుకు వద్ద వాషరు పాతబడినా అక్కడ గాలి లోపలికి చొరబడుతుంది. ఈ భాగంలో డీజిల్‌ను పంపు లాగుతుంది గనుక బీట నుండి చుక్క కూడా బయటకు కారదు. కారడం లేదు కాబట్టి గొట్టం బాగుందని నిర్ణయించడం ఇక్కడ జరిగే సాధారణమైన పొరపాటు. గొట్టాన్ని వంచి చూస్తే బీటలు బయటపడతాయి. దాని ధర ఒక పూట కూలికంటే తక్కువ.

డీజిల్‌లో నీరు

తీరప్రాంతంలో ఈ అంశానికి ప్రత్యేక స్థానం ఉంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నందువల్ల సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు లోపలి గోడలకు నీటి బిందువులు పడతాయి. నీరు డీజిల్‌కంటే బరువైనది కనుక అడుగుకు చేరి, గొట్టం ద్వారా ముందుగా అదే బయలుదేరుతుంది. చేలో నిలబెట్టిన డ్రమ్ములో డీజిల్ నిల్వ చేసే చోట ఈ సమస్య మరింత ఎక్కువ. నిలువుగా ఉంచిన డ్రమ్ము మీద వాననీరు నిలిచి బిరడా సందు నుండి లోపలికి దిగుతుంది. డ్రమ్మును నీడలో, బిరడా పక్కకు వచ్చేలా కాస్త వాలుగా ఉంచి, అడుగు నుండి కాక పై భాగం నుండి తోడుకోవాలి. సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపి పెట్టే అలవాటుకు అదనపు ఖర్చేమీ లేదు; లోపల గాలికి చోటుండదు, తేమకు తావుండదు.

అనుమానం వచ్చినప్పుడు ఫిల్టరు అడుగు స్క్రూ విప్పి, వచ్చిన ద్రవాన్ని గాజు సీసాలో పట్టి అరగంట కదపకుండా ఉంచాలి. నీరుంటే అడుగున వేరే పొరగా తేరుకుంటుంది. నీటికీ డీజిల్‌కూ మధ్య నల్లని జిగురు తొరక కనిపిస్తే సూక్ష్మజీవులు పెరిగాయని అర్థం. అటువంటి ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి కడగాలి. ఫిల్టరు మార్చినంత మాత్రాన చాలదు, కొత్త ఫిల్టరు కూడా కొద్ది రోజుల్లోనే పూడిపోతుంది.

నీరు ఇంజనును ఆపడంతో పోనివ్వదు. ఇంజెక్షన్ పంపులో ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య ఎడం మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండు మూడు మాత్రమే. ఆ సందులో కందెనగా పనిచేసేది డీజిలే. నీరు చేరి వారం రోజులు నిలిచిపోతే అక్కడ తుప్పు పట్టి ప్లంజరు బిగుసుకుపోతుంది. అప్పుడు మాత్రం పంపును అనుభవం గల పంపు షాపుకు పంపడం తప్పదు. పంపు వరకు ధార బాగుండి, గాలి పూర్తిగా తీసి, ఆపే లీవరు సరైన స్థితిలో ఉండి కూడా ఇంజెక్టరు నట్ల వద్ద డీజిల్ చిమ్మకపోతేనే పంపును విప్పే నిర్ణయానికి రావాలి. అంతకు ముందు రాకూడదు.

తెల్ల పొగ వస్తున్నప్పుడు

డీజిల్ చేరుతున్నా మండకపోవడానికి ప్రధాన కారణం కంప్రెషన్ తగ్గడం. ఒంటి సిలిండరు ఇంజనులో దీన్ని చేత్తోనే తెలుసుకోవచ్చు. డీకంప్రెషన్ లీవరు వదిలి ఫ్లైవీలును మెల్లగా తిప్పితే ఒకచోట గట్టిగా అడ్డుకొని, వదిలితే వెనక్కి తన్నాలి. అడ్డుకోకుండా తిరిగిపోతే గాలి ఎక్కడో జారిపోతోంది. ఎక్కడ అన్నది చెవి చెబుతుంది. సైలెన్సరులో బుస వినిపిస్తే పొగ బయటకు పంపే వాల్వు, ఎయిర్ ఫిల్టరు వైపు వినిపిస్తే గాలి తీసుకునే వాల్వు, ఆయిలు పోసే రంధ్రం వద్ద వినిపిస్తే రింగులు. రింగులో వాల్వులో ఇంకా తేలకపోతే ఇంజెక్టరు విప్పి ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి, మళ్లీ బిగించి తిప్పి చూడాలి. కంప్రెషన్ పెరిగితే రింగులు అరిగినట్లు. పెరగకపోతే వాల్వులు కూర్చోవడం లేదన్నట్లు. చెంచాకు మించి పోయకూడదు.

ఖరీఫులో వాడి ఆర్నెల్లు మూలన పెట్టిన ఇంజనులో వాల్వు కాడ తుప్పుపట్టి తెరిచిన స్థితిలోనే నిలిచిపోవడం కూడా ఉంది. హెడ్ విప్పకముందే వాల్వు కవరు తీసి, ఇంజను తిప్పుతూ రెండు వాల్వులూ పైకీ కిందకూ కదులుతున్నాయో లేదో చూస్తే చాలు. వాల్వుకూ రాకరుకూ మధ్య ఎడం బొత్తిగా లేకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఎంత ఎడం ఉండాలో ఇంజనుతో వచ్చిన పుస్తకం చూసి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు సరిచేయాలి.

కంప్రెషన్ బాగుండి కూడా తెల్ల పొగ వస్తుంటే ఇంజెక్టరు తుంపర కొట్టకుండా ధారగా కారుస్తోందని భావించాలి. దీన్ని షాపులోని పరీక్ష యంత్రం మీదే నిర్ధారించాలి. టైమింగు సంగతి చాలామంది మెకానిక్కులు ముందుగా ఎత్తుతారు. పంపును విప్పి బిగించిన తరువాతనే లోపం మొదలైతే ఆ అనుమానం సమంజసమే. నిన్నటిదాకా నడిచి, ఎవరూ చేయి పెట్టని ఇంజనులో గేర్లతో నడిచే పంపు టైమింగు దానంతట అది మారడం అరుదు.

నల్ల పొగ వస్తే విషయం సులభం. గాలి చాలడం లేదు. కోత యంత్రాల వెంట తిరిగిన ట్రాక్టరులో ఎయిర్ ఫిల్టరు ఊకదుమ్ముతో నిండి ఉంటుంది. చాలాకాలం ఆగిన ఇంజను సైలెన్సరులో కందిరీగలు మట్టిగూడు కట్టి ఉండవచ్చు.

మునిగిన ఇంజను

2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్లినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంక భూముల్లో అరటి, పసుపు, కంద తోటలు నీట మునిగాయి. అటువంటి వరదలో గట్టు మీది ఇంజను కూడా మునుగుతుంది. నీరు తీయగానే రైతు మొదట చేయబోయే పని సెల్ఫ్ కొట్టడం. అదే చేయకూడనిది. గాలి కుదించుకుపోతుంది, నీరు కుదించుకుపోదు. సిలిండరులో నీరు ఉండగా పిస్టను పైకి వస్తే ఎక్కడో ఒకచోట ఇనుమే లొంగాలి. సాధారణంగా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నిటారుగా ఉన్న సైలెన్సరు మీద డబ్బా మూయని ట్రాక్టరులో తుఫాను వాన ఒక్కటే ఇంతపని చేయగలదు. వేరే ట్రాక్టరుతో కట్టి లాగడం మరీ ప్రమాదం, ఎందుకంటే సెల్ఫ్ మోటారు ఆగిపోయే చోట కూడా లాగే ట్రాక్టరు ఆగదు.

ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. ఇంజెక్టర్లన్నీ విప్పి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పితే రంధ్రాల నుండి నీరు చిమ్ముతుంది. ఆయిలు సంపు ప్లగ్గు వదులు చేసి చూడాలి. ముందుగా నీరు, లేదా పాలు కలిపిన టీ రంగులో ఆయిలు వస్తే మొత్తం తీసివేసి కొత్త ఆయిలు, ఫిల్టరు వేయాలి. ట్యాంకు, ఫిల్టర్లు ఖాళీ చేసి, ఎయిర్ ఫిల్టరు గిన్నెలోని ఆయిలు మార్చి, గాలి గొట్టం తుడవాలి. సిలిండర్లలో ఒక్కొక్క చెంచా ఆయిలు పోసి నాలుగైదు చుట్లు చేత్తో తిప్పి, తేలికగా తిరుగుతోందని తేలాకే ఇంజెక్టర్లు బిగించి గాలి తీయాలి. అందుకున్నాక అరగంట బరువు లేకుండా నడిపి, ఆయిలును మరోసారి మార్చాలి. రెండవసారి పోసే ఆయిలు ఖర్చుకు వెనుకాడి బేరింగులు పోగొట్టుకున్నవారు ఉన్నారు. సముద్రపు పోటు నీటిలో మునిగితే ఈ పనులన్నిటికంటే ముందు మంచినీటితో కడగాలి. ఇదంతా నీరు తీసిన మొదటి ఒకటి రెండు రోజుల్లో జరగాలి. వారం ఆగితే రింగులు సిలిండరుకు తుప్పుతో అతుక్కుంటాయి.

పెట్రోలు గుడ్డ

అందుకోని ఇంజను గాలి గొట్టం వద్ద పెట్రోలులో తడిపిన గుడ్డ పట్టడం, ఈథరు స్ప్రే కొట్టడం పల్లెల్లో వాడుకలో ఉన్నాయి. ఇంజను ఒక్కోసారి అందుకుంటుంది కూడా. అందువల్లనే ఈ అలవాటు పోవడం లేదు. ఆ ఆవిరి డీజిల్ చిమ్మే వేళకంటే ముందే అంటుకొని పిస్టను మీద సుత్తితో కొట్టినట్లు పడుతుంది. రింగులు విరుగుతాయి. గాలిని వేడిచేసే హీటరు ఉన్న ఇంజనులో అయితే మంట బయటకే వచ్చి గుడ్డ పట్టిన చేతిని కాలుస్తుంది. డీజిల్ రాని ఇంజనుకు ఈ చికిత్స రెండు క్షణాల ప్రాణం మాత్రమే పోస్తుంది. కంప్రెషన్ లేని ఇంజనును మరింత పాడుచేస్తుంది.

కొత్త ట్రాక్టర్లు, కార్లు

2023 జనవరి నుండి 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు వర్తించాయి. వీటిలో విరివిగా వచ్చిన కామన్ రైల్ విధానానికి పైన చెప్పిన ఒక పద్ధతి పనికిరాదు. ఇంజెక్టరు వద్ద నట్టు వదులు చేసి గాలి తీయకూడదు; ఆ గొట్టాల్లో ఒత్తిడి 1,000 కిలోగ్రాములు దాటుతుంది. ట్యాంకు నుండి ఫిల్టరు వరకు పరిశీలన, నీటి పరీక్ష, పొగ పరీక్ష మాత్రం యథాతథంగా చేయవచ్చు. ఆ తరువాత కోడ్ రీడరు ఉన్న సర్వీసు కేంద్రానికి చూపాలి. ఈ ఇంజెక్టర్లు నీటిని ఏమాత్రం సహించవు గనుక డాష్‌బోర్డు మీద నీటి హెచ్చరిక దీపం వెలిగితే చేను పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే ఫిల్టరు అడుగు నీరు తీయాలి.

పెట్రోలు కారు సెల్ఫ్ తీసుకొని అందుకోకపోతే ప్రశ్నలు మూడు: పెట్రోలు వస్తోందా, నిప్పురవ్వ పడుతోందా, కంప్రెషన్ ఉందా. తాళం తిప్పగానే వెనుక సీటు కింద నుండి రెండు సెకన్లపాటు సన్నని రొద వినిపించాలి. అది పెట్రోలు పంపు శబ్దం. లేకపోతే ముందు ఫ్యూజు, ఆపై రిలే చూడాలి. పక్కన అదే రకం రిలే ఉంటే రెండింటినీ మార్చి పెట్టి చూడటానికి ఖర్చేమీ లేదు. తాళం బొమ్మ దీపం ఆగకుండా మిణుకుతుంటే కారు తాళంచెవిని గుర్తించడం లేదు. రెండవ తాళంచెవితో ప్రయత్నించాలి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు ఇంజను వేగం చూపే ముల్లు బొత్తిగా కదలకపోతే క్రాంకు సెన్సరును అనుమానించాలి. ఇంజను ఎప్పటికంటే తేలికగా, ఏ అడ్డూ లేనట్లు గిరగిరా తిరిగితే టైమింగు బెల్టు తెగి ఉండవచ్చు; మరొకసారి కూడా సెల్ఫ్ కొట్టకూడదు.

కోతలు ముగిసి ధాన్యం ఇళ్లకూ గోదాములకూ చేరే రోజుల్లో పొలం ఎలుకలు కూడా వాటి వెంటే వస్తాయి. రాత్రి చల్లారని ఇంజను వెచ్చదనం వాటికి ఇష్టం. నిన్న నడిచిన కారు ఉదయం అందుకోకపోతే కారును లాగించుకుపోయే ముందు బానెట్టు ఎత్తి, ఇంజెక్టర్లకూ కాయిల్సుకూ వెళ్లే సన్నని తీగల వెంట వేలితో తడుముతూ పోవాలి. కొరికిన చోట రాగి మెరుస్తూ కనిపిస్తుంది. దాన్ని మెలివేసి టేపు చుట్టడం కాక, అతికించి స్లీవు తొడిగించాలి.